కన్నమ్మ చూసిన ఆరు ఆదివారాలు

భిలాయి క్యాంప్ 1లో ఆ సందు మొత్తానికి కేబుల్ కనెక్షన్ ఉన్న కలర్ టీవీ కన్నమ్మ ఇంట్లోనే ఉంది. కొడుకు ఉదయ్‌కుమార్ స్టీలు ప్లాంటులో ట్రైనీగా చేరాక, తొలి ఏడాది స్టైపెండు కూడబెట్టి కొన్నాడు. కొన్న రోజునుంచీ కన్నమ్మ దానికి ఎదురుగా కూర్చునేది కాదు. తలుపు పక్కన, ఒక కాలు గుమ్మంలో పెట్టుకుని కూర్చునేది. పేలితే బయటికి దూకి నలుగుర్నీ కేకెయ్యాలి కదా అని.

ఆమె భయాలు అలాంటివి. ఉదయ్ ఓసారి పక్క ఊరు కుమ్హారిలో స్నేహితుడి పెళ్లికి వెళ్లి, బస్సు తప్పి రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. ఆ రెండు గంటల్లో కన్నమ్మ మొగుణ్ణి పోలీసు చౌకీకి ఒకసారి, ఆస్పత్రికి ఒకసారి తిప్పింది. మూడోసారి ఎక్కడికి పంపాలో తోచక ఏడుస్తూ కూర్చున్న వేళకి కొడుకు పెళ్లి లడ్డూలతో దిగాడు. "లడ్డూలు ఎవరిచ్చేరురా? నువ్వు తినీసేవా?" అన్నదే ఆమె మొదటి మాట.

తొంభై ఏడో సంవత్సరం చలికాలంలో, ఒక హిందీ ఛానెల్లో ఆదివారం పగలు పదకొండు గంటలకి కొత్త సీరియల్ మొదలైంది. అల్లిన కథ కాదు, జరిగిన సంగతి. ఎక్కడో కొండల్లో శ్వేత్‌బాబా అనే ఒకాయన ఆశ్రమం పెట్టి, చదువుకున్న పిల్లల్ని చేరదీసి, కన్నవాళ్లకి కాకుండా చేసిన వైనాన్ని ఆరు భాగాలుగా తీశారు. వారానికొక భాగం.

కన్నమ్మ ఊళ్లో ఐదో తరగతి వరకు చదివింది. ఆమె హిందీ బజారుదాకా వస్తుంది. కూరలవాడితో దెబ్బలాడడానికి సరిపోతుంది గానీ టీవీలో పెద్దమనుషులు మాట్లాడేది అందదు. అంచేత పదహారేళ్ల కూతురు హేమమాలిని పక్కన కూర్చుని ఒక్కొక్క మాటా తెలుగు చేసి చెప్పేది. పొరుగింటి భాగ్యవతి చర్చి నుంచి నేరుగా వచ్చి మంచం మీద చోటు చూసుకునేది. ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో రిటైరైన బంగార్రాజు తన కుర్చీ తనే మోసుకొచ్చుకునేవాడు. కన్నమ్మ మొగుడు నరసింగరావు నైట్ షిఫ్టు చేసొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు.

మొదటి భాగంలో ఆశ్రమం వైభవం చూపించారు. తెల్లబట్టల్లో నాలుగొందల మంది, తోటలు, పాటలు, వరసగా భోజనాలు.

"ఒక్క గలాటా లేకుండా తింటన్నారు చూడమ్మీ. మా కేంటీను ఈ బాబాకి అప్పగించుంటే బాగున్ను," అన్నాడు బంగార్రాజు.

"ఆ గెడ్డం నక్లీ, తాతా. పక్కా," అంది హేమ.

"నవ్వుతన్నాడు గానీ కళ్లు నవ్వట్లేదు వదినా. నాకెందుకో ఆయన నచ్చలేదు," అంది భాగ్యవతి.

నరసింగరావు ఒక కన్ను తెరిచాడు. "అంతమందిని తెల్లారి నాలుగింటికి లేపుతన్నాడంటే మామూలోడు కాదర్రా. నేను ఈ ఒక్క గుంటడిని ఏడింటికి లేపలేకపోతన్నాను."

కన్నమ్మకి బంతిమొక్కలు నచ్చాయి. ఆ మాటే చెప్పింది. మిగతాది ఆమెకి రెండో ఆదివారం నుంచి మొదలైంది.

రెండో ఆదివారం ఒక కళ్లజోడు డాక్టరు తెరమీదికి వచ్చి, ఇలాంటి వలలో పడ్డ పిల్లల్ని ఎలా పోల్చుకోవాలో చెప్పాడు. అందరికీ ఒకటే బిళ్ల ఉంటుందట. పొద్దున్నే వరసలో నిలబడి ప్రమాణం చేస్తారట. మనకి తెలియని భాషలో ఏవో మాటలు వల్లిస్తారట. మిగతావాళ్లు విని ఊరుకున్నారు. కన్నమ్మ మాత్రం గుమ్మంలో పెట్టిన కాలు లోపలికి తీసుకుంది.

ఉదయ్ అప్పటికి నెల కిందట తన మెషీన్ షాపులో క్వాలిటీ సర్కిల్ అనే దాంట్లో చేరాడు. ఆరుగురు పనివాళ్లు వారానికోసారి షిఫ్టు దిగాక గుండ్రంగా కూర్చుని, తమ పనిలో ఉన్న ఏదో ఒక చిక్కుని తామే విప్పుకోవాలి. అంతే సంగతి. ప్లాంటు నిండా అలాంటి సర్కిళ్లున్నాయి. వీళ్ల దాని పేరు మంథన్, అంటే మథనం. వీళ్లు పట్టుకున్న చిక్కేమో, పానాలూ సుత్తులూ వెతుక్కోవడంలో పోయే సమయాన్ని తగ్గించడం.

కానీ చొక్కాకి మంథన్ అని రాసిన బిళ్ల ఉంది. పొద్దున్నే చెయ్యి ముందుకు చాపి చేసే ప్రమాణం ఉంది. అన్నిటికన్నా, స్నానాల గదిలోంచి రోజూ వినిపించే మంత్రం ఉంది. సీరి, సీటన్, సీసో, సీకెట్సు, షిట్సుకే.

"ఏ దేవుడి మంత్రంరా అది?" అని తలుపు బయటనుంచే అడిగింది కన్నమ్మ.

"దేవుడిది కాదమ్మా, జపాన్ మాటలు. అక్కర్లేనిది తీసెయ్, ఉన్నది సర్దు, తుడువు... అలగ."

"మనం తుడుచుకోడానికి జపానోళ్ల మాటెందుకురా?"

"నేర్చుకోవడంలో తప్పేటమ్మా?" అని బయటికొచ్చి, తల తుడుచుకుంటూ క్వాలిటీ సర్కిల్ అంటే ఏమిటో పావుగంట విడమరిచి చెప్పాడు. కన్నమ్మ అంతా విని తల ఊపింది. టీవీలో ఆశ్రమంలో చేరిన ఒక పిల్ల కూడా వాళ్లమ్మకి ఇలాగే నవ్వుతూ విడమరిచి చెప్పింది మరి.

మూడో ఆదివారం డాక్టరు చెప్పిన గుర్తు, ఉన్న సామానంతా వదిలించుకోవడం. ఆ మధ్యాహ్నమే ఉదయ్ అటక ఎక్కాడు. విరిగిన గొడుగు, మూతల్లేని డబ్బాలు, పాత కిరోసిన్ స్టవ్వు అన్నీ దింపి పాతసామాన్లు కొనే కబాడీవాణ్ణి పిలిచాడు.

"ఏడాదిపాటు వాడలేదంటే అది అక్కర్లేని సామానమ్మా."

"నన్ను మాత్రం ఏడాదిలో ఏటి వాడేవురా? నన్ను కూడా ఆడి తక్కెట్లో కూకోబెట్టు," అని స్టవ్వూ డబ్బాలూ లాక్కుని మళ్లీ అటకెక్కించింది.

మర్నాడు బంగార్రాజు దగ్గరకెళ్లి గోడు చెప్పుకుంది. ఆయన ప్లాంటులో ముప్ఫయ్యేళ్లు చేసినవాడు. అన్నీ తెలిసినవాడు. పైగా పనీపాటా లేనివాడు. "ఆడు అటక సర్దితే నీకొచ్చిన నష్టమేటమ్మీ? మా ఇంటికి కూడా పంపు," అన్నాడు.

నాలుగో ఆదివారం ఆశ్రమంలో వాళ్లంతా చక్రంలా కూర్చుని ఎవరి తప్పులు వాళ్లు ఒప్పుకోవడం చూపించారు. కన్నమ్మ భాగ్యవతి చెయ్యి గట్టిగా పట్టుకుంది. మంథన్‌లో కూడా గుండ్రంగానే కూర్చుంటారని ఉదయ్ నోటితోనే విన్నది. ఆ రోజు మొదలు కొడుకు చొక్కా జేబులు వెతకడం మొదలెట్టింది. మంగళవారంనాడు దిండు కింద నాలుగు మడతల కాగితం దొరికింది. అందులో ఒక చేప ముల్లు గీసి ఉంది. తలా, వెన్నూ, అటు మూడు ఇటు మూడు ఎముకలూ. ఒక్కొక్క ఎముక చివరా ఇంగ్లీషులో ఏవో పేర్లు.

కాగితాన్ని రెండు వేళ్లతో, కాలుతున్నదాన్ని పట్టుకున్నట్టు పట్టుకుని భాగ్యవతి ఇంటికి పరుగెత్తింది. భాగ్యవతి స్కూల్లో లైబ్రరీ చూసే మనిషి. ఇంగ్లీషు వచ్చు.

"ఇవి ఎవరి పేర్లమ్మా? ఎవరి మీద పెట్టేరీ చేతబడి?"

భాగ్యవతి కళ్లజోడు పెట్టుకుని చదివింది. "పేర్లు కావు వదినా. ఈ ఎముక మీద మనిషి, దీని మీద మెషీన్, ఇక్కడ సామాను... తల దగ్గర ఏటి రాసుందంటే, పానా కనపడలేదు అని."

"పానా కనపడకపోతే చేపకేటి సంబంధం?"

"అది వాళ్ల లెక్క లెండి. ఎందుకు కనపడలేదో కారణాలు రాసుకుంటారంట. మా ఆయన వాళ్లు కూడా గీస్తారు."

"మీ ఆయన కూడానా!" అని కన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భాగ్యవతి కళ్లజోడు తీసి, కాగితం మడిచి ఆమె చేతికిచ్చేసింది.

అయిదో ఆదివారం వచ్చింది. చేతికి చిక్కిన పిల్లల్ని పెద్ద సభ ఉందని దూరపు ఊరికి తీసుకెళ్తారని, అక్కణ్ణించి చాలామంది మళ్లీ ఇంటికి రాలేదని చూపించారు. టీవీ ఆపేసిన పది నిమిషాలకి ఉదయ్ ఇంట్లోకొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"అమ్మా, మా సర్కిల్ సెలెక్టయింది. వచ్చే సోమవారం నాగపూర్లో సర్కిళ్లన్నిటికీ కన్వెన్షన్. ముందురోజు ఆదివారం సాయంత్రం దుర్గ్‌లో బండి. మాట్లాడేది నేనే!"

కన్నమ్మ చేతిలో గ్లాసు కిందపడలేదు గానీ, పడితే బాగుండునన్నట్టుగా ఉంది ఆమె ముఖం. "ఎల్లకూడదు," అంది.

ఉదయ్ నవ్వాడు. వాళ్ల సర్కిల్లో ఒక పద్ధతి నేర్పారు. ఏ చిక్కునైనా ఎందుకు, ఎందుకు అని అయిదుసార్లు అడిగితే దాని వేరు దొరుకుతుందట. వాడు తల్లి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు.

"ఎందుకెళ్లకూడదమ్మా?"

"దూరం గనక."

"దూరమైతే ఎందుకెళ్లకూడదు?"

"నాకు కనపడవు గనక."

"కనపడకపోతే ఎందుకు భయం?"

"నీకేటైనా అయితే నాకు తెలీదు గనక."

"నాకేటైనా ఎందుకవుద్దమ్మా?"

అయిదో ఎందుకుదాకా కన్నమ్మ ఆగలేదు. వాడి కుడిచెయ్యి లాగి తన నడినెత్తి మీద పెట్టుకుంది. "నా మీద ఒట్టు. నువ్వు ఆ బండెక్కేవంటే నన్ను సంపుకున్నట్టే."

ఉదయ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కాసేపు ఆ చేతికేసే చూసుకున్నాడు. "సరే అమ్మా," అన్నాడు.

"ఆడికి ఇరవై మూడేళ్లే," అన్నాడు నరసింగరావు మంచం మీంచి.

"టీవీలో ఆ గుంటకి ఇరవై నాలుగు," అంది కన్నమ్మ.

ఆ వారం గడవడం ఎంత కష్టమో కన్నమ్మకే తెలిసింది. వాడు అలిగి ఉంటే బాగుండేది. అలగలేదు. పెట్టింది తిన్నాడు. అడిగితే జవాబు చెప్పాడు. అడక్కపోతే లేదు. అంతకుముందు రోజూ అద్దం ముందు నిలబడి, చెయ్యి ఊపుతూ హిందీలో ఉపన్యాసం చదువుకునేవాడు. అది ఆగిపోయింది. అటక మీదికి తల ఎత్తి చూడడం కూడా మానేశాడు. బుధవారంనాడు కన్నమ్మ తనంతట తనే మూతల్లేని డబ్బాలు రెండు దింపి, "ఇవి పారేద్దామేటిరా?" అంది. "నీ ఇష్టమమ్మా," అన్నాడు.

శుక్రవారం వాడి సర్కిల్ కుర్రాడు లక్ష్మీప్రసాద్ వచ్చాడు. "ఆంటీ, మా ఆరుగుర్లో మైకు పట్టుకుంటే కాళ్లు వణకనోడు వీడొక్కడే. నేను మాటాడితే మాకు చివరి ప్రైజు కూడా రాదు. ప్లీజ్ ఆంటీ."

"అమ్మ ఒట్టు వేసిందిరా," అన్నాడు ఉదయ్ లోపల్నుంచి.

ప్లాంటులో ఎంత పెద్ద ఆఫీసరు వద్దన్నా కాళ్లావేళ్లా పడి ఒప్పించుకోవచ్చు. తల్లి నెత్తిమీద ఒట్టంటే భిలాయిలో పుట్టిన తెలుగు పిల్లవాడికి కూడా దారి లేదు. లక్ష్మీప్రసాద్ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. గెలిచిన కన్నమ్మ ఆ పూట అన్నం తినలేకపోయింది.

ఆరో ఆదివారం అందరూ వచ్చారు. బంగార్రాజు కుర్చీ, భాగ్యవతి మంచం, నరసింగరావు గోడ. ఉదయ్ కూడా ఇంట్లోనే ఉన్నాడు. మూలన కూర్చుని పేపరు చూస్తున్నాడు. ఒకే పేజీ చూస్తున్నాడు.

చివరి భాగంలో ఆశ్రమం నుంచి బయటపడిన అమ్మాయి మాట్లాడింది. సన్నగా, అటూ ఇటూ చూడకుండా. హేమ ఎప్పట్లాగే తెలుగు చేస్తోంది.

"గేటుకి తాళం ఉండేది కాదంటమ్మా. కాపలా కూడా లేదంట. మరెందుకు పారిపోలేదూ అని అడుగుతన్నారు. ఆ అమ్మాయి చెప్తంది... బాబా నా చెయ్యి పట్టుకుని, మా తమ్ముడి పేరు చెప్పి..."

హేమ ఆగిపోయింది.

"ఏటే? తర్వాతేటి?"

"ఏం లేదమ్మా. ఇప్పుడు యాడ్ వస్తాది."

"యాడ్ ఎక్కడొచ్చింది? ఆ పిల్ల ఇంకా ఏడస్తంది. చెప్పు."

హేమ చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది కూడా. తెరమీద అమ్మాయి కసమ్ అంది, మళ్లీ ఇంకోసారి కసమ్ అంది. కన్నమ్మకి ఆ మాట బాగా తెలుసు. కూరలవాడు రోజుకి పదిసార్లు దాన్ని వాడతాడు.

"ఒట్టేయించుకున్నాడు," అంది తనే, మెల్లగా. "గుమ్మం దాటితే తమ్ముడు సచ్చిపోతాడని."

బంగార్రాజు తలెత్తి, చలికాలమంతా తిరగని ఫ్యానుకేసి శ్రద్ధగా చూశాడు. భాగ్యవతి కొంగు అంచు పరీక్షించుకుంది. నరసింగరావు మాత్రం ఆరు వారాల్లో మొదటిసారి పూర్తిగా ఇటు తిరిగి కూర్చున్నాడు. మూలన పేపరు మరీ పైకి లేచింది. ఇంతలో కళ్లజోడు డాక్టరు వచ్చి ఏదో అన్నాడు.

"ఏటంటన్నాడు?"

"గోడలు అక్కర్లేదంటమ్మా," అంది హేమ, నేలకేసి చూస్తూ. "మనం ప్రేమించేవాళ్లకి ఏటైనా అయిపోద్దని భయం పెడితే చాలంట. అదే గోడంట."

"ఆ డాక్టరుకి పిల్లలున్నారా?"

"నాకేం తెలుసు?"

"లేరు. ఉంటే అలగ మాటాడడు."

"మొన్నటిదాకా ఆయన చెప్పిందల్లా మీరు వేళ్ల మీద లెక్కెట్టుకున్నారు కదా వదినా," అంది భాగ్యవతి, గట్టిగా అనకుండా.

"ఏదేమైనా ఆ బాబా కంటే మన కన్నమ్మే నయం. ఆడు నాలుగొందల మందిని కట్టీసేడు. ఈవిడ ఒక్కడితో సరిపెట్టింది," అన్నాడు బంగార్రాజు ఫ్యానుతో.

"ఒక్కడేటి తాతా, నేను లేనా? బయట తినకూడదు. చీకటిపడే లోపల రావాలి. నాకు ఉత్తరమొస్తే ముందు అమ్మ చూడాలి. బస్సులో కిటికీ పక్కన నహీ, డోరు పక్కన నహీ. మధ్యలో కూకోవాలి!" అంది హేమ.

నరసింగరావు పకపక నవ్వాడు. "నాకు తెల్ల లుంగీ ఒకటి కొనండర్రా. పెద్ద శిష్యుణ్ణి నేనే."

కన్నమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నవ్వులు ఆగిపోయాయి. లోపల కుళాయి కింద, కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతూ నిలబడింది. వాళ్లు నవ్వినందుకు కాదు. ఆ పిల్ల గొంతు చెవుల్లోంచి పోవడం లేదు. ఎక్కడ విన్నాననుకుంది. ఎక్కడా కాదు, వారం రోజులుగా తన ఇంట్లోనే విన్నది. సరే అమ్మా. నీ ఇష్టమమ్మా. పానా గురించి, చేప ముల్లు గురించి తల తినేసినవాడు ఆ ఒట్టు పడినరోజు నుంచే అలా మాట్లాడుతున్నాడు. నాగపూర్ వెళ్తే వాడికేమవుతుందో ఆమెకి తెలియదు. వెళ్లొద్దంటే ఏమయిందో మాత్రం ఈ వారమంతా కళ్లారా చూసింది.

కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, గది మధ్యలో నిలబడింది.

"బాబాయ్, ఒట్టు తియ్యాలంటే ఏటి చెయ్యాలి?"

బంగార్రాజు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "మా ఊళ్లో అయితే మూడుసార్లు నోటితో తీసేనని చెప్పి, గుమ్మంలో చెంబుడు నీళ్లు పొయ్యాలి."

"నీళ్లెందుకు? వేసినామె నోటితో తీస్తే చాలు. దేవుడు ఆ మాత్రం అర్థం చేసుకోడా?" అంది భాగ్యవతి.

"సగం తీస్తే మొదటికే మోసం అమ్మీ. నీళ్లు పొయ్యి," అన్నాడు బంగార్రాజు.

సగం అనే మాట కన్నమ్మని పట్టుకుంది. సగం తీస్తే ఏమవుతుందో ఒక్క క్షణం అన్ని విధాలా ఊహించుకుంది. అయితే ఒట్టు తన మీదే వేసుకుంది గదా, పోతే తనే పోతుంది. ఆ సంగతి తట్టేసరికి ఆశ్చర్యంగా గుండె కాస్త కుదుటపడింది. మూలకి వెళ్లి, పేపరు పక్కకి తీసి, కొడుకు చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది.

"నేను వేసిన ఒట్టు నేనే తీస్తన్నాను. తీస్తన్నాను. తీసీసేను. హేమా, చెంబుతో నీళ్లు తే. ఎవరు చెప్పింది నిజమో, రెండూ చేసీద్దాం."

ఉదయ్ చెయ్యి తియ్యలేదు. "నిజంగానా అమ్మా?"

"బండి సాయంత్రం కాదేటి? అలగ చూస్తావేటి? బట్టలు ఇస్త్రీ చేసుకున్నావా? నాగపూర్ దిగగానే మూల కిరాణా కొట్టుకి ఫోన్ చెయ్యి. మధ్యలో స్టేషన్లో దిగకు. ఎవరైనా బిస్కెట్టు ఇస్తే తినకు. ఆ లక్ష్మీప్రసాద్ ఇచ్చినా తినకు. నారింజకాయలు కొనుక్కో, కానీ తొక్క నువ్వే తీసుకో."

వాడు "ఎందుకు?" అనబోయి నవ్వేశాడు. ఆ నవ్వు చూసి కన్నమ్మకి ఏడుపొచ్చింది. దాన్ని కోపంగా మార్చుకోవడం ఆమెకి చేతనైన పని. "నువ్వూ మీ జపానోళ్లూ," అని చెంబుడు నీళ్లూ గుమ్మంలో కుమ్మరించింది. అప్పుడే లోపలికి రాబోతున్న లక్ష్మీప్రసాద్ మోకాళ్ల దాకా తడిశాడు. మరొక్కసారి బతిమాలదామని వచ్చాడు పాపం. "ఆంటీ, నేనేమన్నాను?" అని అడిగేలోపే ఉదయ్ వచ్చి వాణ్ణి వాటేసుకున్నాడు.

సర్దుళ్లు మొదలయ్యాయి. హేమ చొక్కాలు ఇస్త్రీ చేస్తూ అన్నగారి ఉపన్యాసాన్ని వాడికన్నా గట్టిగా వల్లిస్తోంది. నరసింగరావు అటకెక్కి సంచి కోసం వెతుకుతున్నాడు. బంగార్రాజు కుర్చీ ఎత్తుకుంటూ, ఆశ్రమంలో భోజనాల వరస మాత్రం బాగుండేదని చివరి మాటగా చెప్పాడు. భాగ్యవతి గుమ్మం తడి దాటుతూ వెనక్కి తిరిగింది.

"మొత్తానికి సీరియల్ ఎలాగుంది వదినా?"

కన్నమ్మ దారికి పూరీలకని పిండి కలుపుతోంది. చెయ్యి ఆపకుండా, ఆలోచించి చెప్పింది.

"అయిదు భాగాలు బాగా తీసేడు. ఆఖరిదే పాడుచేసేడు."